నాటకానికి టిక్కెట్టు ఉండాల్సిందే

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడలో కొందరు నాటకాభిమానులు కలిసి నడుపుతున్న ఒక చిన్న నాటకశాల, రాబోయే ఏప్రిల్ 16 నుంచి కొత్త ప్రదర్శనలకు సిద్ధమవుతోంది. కందుకూరి వీరేశలింగం గారి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం కనుక ఆ రోజునే మొదలుపెట్టడం సముచితంగా ఉంది. ఆ తర్వాత నెలకు రెండు శనివారాలు, సాయంత్రం ఆరున్నరకు ప్రదర్శన. పౌరాణికాలున్నాయి, సాంఘికాలున్నాయి, వేసవి సెలవుల్లో పిల్లల నాటిక ఉంది, ఒక హరికథ కూడా ఉంది. టిక్కెట్టు 100 రూపాయలు. విద్యార్థులకు సగం.

ఈ టిక్కెట్టు మీదే పేచీ వచ్చింది. "నాటకానికి డబ్బిచ్చి ఎవరొస్తారు? ప్రవేశం ఉచితమని వేయండి" అని శ్రేయోభిలాషులే ఒత్తిడి చేస్తున్నారు. నిర్వాహకులు ఊగిసలాడుతున్నారని తెలిసి ఈ లేఖ రాస్తున్నాను. దయచేసి టిక్కెట్టు తీసేయకండి.

ప్రేక్షకుడి దగ్గర రూపాయి తీసుకోనప్పుడు ఆ ఖర్చు ఎవరో ఒక దాత భరించాలి. భరించిన వారిని వేదిక మీదకు పిలవాలి. ఆయన వెంట మరో ఆరుగురు వస్తారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, ఒక్కొక్కరి ప్రసంగం ముగిసేసరికి ఆరున్నరకు లేవాల్సిన తెర తొమ్మిదికి లేస్తుంది. ముఖానికి రంగు వేసుకున్న నటులు అంతసేపూ తెర వెనుక చెమటలు కక్కుతూ కూర్చోవాలి. మంగళగిరి నుంచి, తెనాలి నుంచి వచ్చిన వారు రాయబారం సీను సగంలో ఉండగానే బస్సు కోసం లేచి వెళ్లిపోతారు. దాతలను నేను తప్పు పట్టడం లేదు. వారు లేకపోతే ఇన్నాళ్లూ ఈ మాత్రం నాటకాలైనా ఉండేవి కావు. కానీ ఖర్చు ఎవరు పెడితే ఆ సాయంత్రం వారిది అవుతుంది. అది ప్రేక్షకులది కావాలంటే మనమే డబ్బు పెట్టాలి.

ఈ కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ప్రతి నాటకాన్నీ కనీసం రెండుసార్లు ఆడాలన్న నిర్ణయం. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. తర్వాత ఊరూరా నాటక పోటీలు పెడుతూ వచ్చిన పరిషత్తులు మన నాటకాన్ని బతికించాయి, గొప్ప నటులనూ రచయితలనూ ఇచ్చాయి. అయితే పోటీ నాటిక గంటలో ముగియాలి, న్యాయనిర్ణేతలను మెప్పించాలి, మర్నాడు మరో ఊరి పరిషత్తుకు పోవాలి. చూసినవాడు పక్కింటాయనకు బాగుందని చెబితే ఆయనకు చూసే దారి ఉండదు. నటుడికి కూడా, ఈ ఊరి జనం ఏ మాటకు నవ్వుతారో, ఎక్కడ మౌనంగా వింటారో పట్టుకునే వ్యవధి దొరకదు.

కన్యాశుల్కాన్ని రెండు శనివారాలకు పంచి, ఆ మొత్తాన్ని మళ్లీ ఇంకో రెండు శనివారాలు ఆడతారట. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ఆ నాటకం ఈనాటి పెద్ద ప్రతిలో ఒక్క సాయంత్రానికి ఇమడదు. అందుకే మనకు ఎప్పుడూ గిరీశం, మధురవాణి, రామప్ప పంతులు కనిపించే నాలుగైదు సీన్లే చూపిస్తారు. బుచ్చమ్మ కథ పూర్తిగా వేదిక మీద చూసినవారు మన నగరంలో ఎందరున్నారు? దీని కోసం 200 రూపాయలు పెట్టడానికి నేను సంతోషంగా సిద్ధం.

జనం రారన్న మాట నేను ఒప్పుకోను. 1885 నుంచి సురభి కుటుంబాలు తరాల తరబడి నాటకం టిక్కెట్ల మీదే బతికాయి. ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో చదువుతున్న ఎన్టీఆర్ మీసం తీయకుండానే స్త్రీ పాత్ర వేసిన ఊరు ఇది. పద్యానికి "వన్స్ మోర్" కొట్టి హార్మోనియం వాయించేవారిని మళ్లీ శ్రుతి అందుకోమన్న వారంతా ఉచితంగా వచ్చి కూర్చున్నవారు కారు. పైగా 500 రూపాయల వరకు నాటకం టిక్కెట్టు మీద జీఎస్టీ కూడా లేదు. ఈ శాలలో 150 కుర్చీలున్నాయి. అన్నీ పూర్తి ధరకు నిండితే 15,000 రూపాయలు. దానితో అన్ని ఖర్చులూ తీరవు, నిజమే. కానీ లైటింగ్, మేకప్, వాద్యకారుల పారితోషికం కోసం ఎవరో ఒకరి గడప తొక్కాల్సిన పని తగ్గుతుంది.

నిర్వాహకులకు నా విన్నపం: ఎవరు రాకపోయినా ఆరున్నరకు తెర తీయండి. సన్మానం తప్పదనుకుంటే నాటకం అయ్యాక చేయండి, ఉండేవారు ఉంటారు. అధికారులకైనా, నాయకులకైనా పాసులు ఇవ్వకండి.

మీ పత్రికనూ ఒకటి అడుగుతున్నాను. సినిమా వేళలతో పాటు 'నగరంలో నేడు' శీర్షికలో ఈ ప్రదర్శనలను కూడా వేయండి. నాటకం జరిగిన మర్నాడు పత్రికల్లో శాలువా కప్పుతున్న ఫొటో వస్తోంది కానీ, ఎవరు ఎలా నటించారో రెండు వాక్యాలు కూడా ఉండటం లేదు. ఏప్రిల్ 16న మీ విలేకరిని పంపి, చివరిదాకా కూర్చోబెట్టి సమీక్ష రాయించండి. బాగా లేకపోతే బాగా లేదనే రాయమనండి.

ఇట్లు,
ఒక నాటకాభిమాని,
సత్యనారాయణపురం, విజయవాడ.