మైకు కొనే ముందు ఒకసారి మా ఊరు రా

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

నిన్న ఫోన్లో "ఆరేడు వేలలో పాడటానికి మంచి మైకు చెప్పరా, ఒక్క పేరు చాలు" అన్నావు. చెప్పేసి ఫోన్ పెట్టేద్దామనుకున్నాను గానీ నోరు రాలేదు. వచ్చే నెల రుషికొండ కేఫ్‌లో నువ్వు పాడబోయేది గిటార్ ఒక్కటే తోడుగా. తబలా లేదు, కీబోర్డు లేదు, పక్కన ఇంకో గొంతు లేదు. ఆర్కెస్ట్రాలో మైకు కాస్త తేడా చేసినా నలుగురి మోతలో కలిసిపోతుంది. ఒక్కడివే గంటన్నర పాడాలంటే మైకు చేసే ప్రతి తప్పూ నీ గొంతు ఖాతాలోకే వెళ్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. టీ పెట్టుకుని చదువు.

నాకు జరిగింది నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మూడేళ్ల కిందట సంక్రాంతికి ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు పాడమని పిలిచారు. కింద పార్కింగ్‌లో ప్రోగ్రాం. మూడు వైపులా గోడలు, నెత్తిన కాంక్రీటు శ్లాబు. మైక్‌సెట్ కుర్రాళ్లు రెండు స్పీకర్ బాక్సులూ నా వెనక గోడకి ఆనించి పెట్టారు. అది తప్పని అప్పటికి నాకూ తెలియదు. పల్లవి బాగానే గడిచింది. చరణం మెల్లగా, కింది స్థాయిలో ఎత్తుకోవాలి. వినపడటం లేదని వెనక వరసలోంచి ఎవరో సైగ చేస్తే కుర్రాడు వాల్యూమ్ పెంచాడు. అంతే, మైకు కుయ్‌మని ఒకటే కూత! ముందు కుర్చీలో ఒక మామ్మగారు రెండు చెవులూ మూసుకుని తల వంచేసుకున్నారు. ఆవిడ అట్లా ముడుచుకుపోవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆ తర్వాత పాడిన ఏడెనిమిది పాటల్లో నాకు పాట మీద ధ్యాసే లేదు. మళ్లీ ఎప్పుడు కూస్తుందోనన్న టెన్షనే.

ఆ కూత ఎందుకొస్తుందో తెలిస్తే మైకు ఎంచుకోవడం సగం తెలిసినట్టే. బాక్సులోంచి వచ్చిన నీ గొంతే మళ్లీ మైకులోకి దూరుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచి మళ్లీ బాక్సులోకి తోస్తుంది. అది గానుగెద్దులా తిరుగుతూ తిరుగుతూ పెరిగిపోతుంది. ఆ గదీ ఆ మైకూ ఏ స్వరం దగ్గర ఎక్కువ పలుకుతాయో సరిగ్గా అక్కడే కూత అందుకుంటుంది. కాబట్టి నీ నోటి నుంచి మైకుకి ఎక్కువ చేరాలి, బాక్సు నుంచి తక్కువ చేరాలి. మనం వెతుకుతున్నది ఈ రెండింటికీ సాయపడే మైకుని.

నోటి సంగతి ముందు చెప్తాను, దానికి పైసా ఖర్చు లేదు. నువ్వు మైకుకి జానెడు దూరంలో నిలబడి పాడతావు, మీ అన్నయ్య పెళ్లిలో చూశాను. నీ గొంతేమో మెత్తన. రెండు వేళ్ల దూరం నుంచి నాలుగు వేళ్ల దూరానికి జరిగితే చాలు, మైకుకి అందే నీ గొంతు సుమారు 6 డెసిబెల్స్, అంటే దాని ఒత్తిడి సగానికి, పడిపోతుంది. బాక్సు మోత మాత్రం ఏమీ తగ్గదు. అప్పుడు సౌండ్ ఆయన వాల్యూమ్ పెంచక తప్పదు, కూత రాక తప్పదు. పెదవులకీ మైకు తల మీది జాలీకీ మధ్య రెండు మూడు వేళ్లు, అంతకు మించొద్దు. అంత దగ్గరగా పాడితే కింది స్వరాలు బరువెక్కుతాయి, ఆ బరువు నీ గొంతుకి మంచిదే. పై స్థాయికి వెళ్లినప్పుడు మాత్రం బెత్తెడు వెనక్కి జరుగు. ఇంకొకటి, జాలీని గుప్పిట్లో మూయకు. వెనక నుంచి వచ్చే మోతని మైకు ఆపగలిగేది జాలీ చుట్టూ, దాని కిందా ఉన్న సందుల్లోంచి గాలి ఆడితేనే. అవి మూసేస్తే అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది.

ఇక మైకు ఏ దిక్కున వింటుందన్నది. పాటకి ఎక్కువగా వాడేవాటిని కార్డియాయిడ్ అంటారు. తమలపాకుని ఊహించుకో. ఆకు కొన నీ నోటివైపు, తొడిమ దగ్గర లోపలికి నొక్కుకున్న చోటు కేబుల్ తగిలించే మైకు తోకవైపు. ముందున్నది బాగా వింటుంది, పక్కలది కొంత తగ్గించి వింటుంది, తోక వెనకది దాదాపు వినదు. సూపర్‌కార్డియాయిడ్ అని ఇంకో రకం ఉంది. పక్కల నుంచి ఇంకా తక్కువ వింటుంది గానీ తోక వెనక నుంచి కొద్దిగా వింటుంది. నీ గొంతు నీకు వినపడటానికి ఎదురుగా కింద పెట్టే మానిటర్ బాక్సుని కార్డియాయిడ్‌కైతే సరిగ్గా తోక ఎదురుగా పెట్టాలి, సూపర్‌కార్డియాయిడ్‌కైతే కాస్త పక్కకి జరపాలి. కేఫ్ వాళ్లు బాక్సు ఎక్కడ పెడతారో మన చేతిలో ఉండదు కాబట్టి నువ్వు కార్డియాయిడే తీసుకో.

అందులోనూ డైనమిక్ మైకే కావాలి, అంటే బయటి నుంచి కరెంటు అక్కర్లేని రకం. ఎవరో కండెన్సర్ మైకు కొనమన్నారన్నావు. ఇంట్లో కూర్చుని రికార్డు చేసుకోవడానికి అది చాలా బాగుంటుంది. కానీ దానికి మిక్సర్ (మైకుల, వాయిద్యాల శబ్దాన్ని కలిపి సర్దే పెట్టె) నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబుల్‌లోంచే వచ్చే కరెంటు, అందాలి, చిన్న ఆంప్లిఫయర్లలో అది ఉండదు. పైగా కేఫ్‌లో కప్పుల చప్పుడు, మిక్సీ, ఫ్యాను, సముద్రం, అన్నీ వినేస్తుంది. వైర్‌లెస్ ఊసు ఎత్తకు. స్టాండు ముందు గిటార్‌తో నిలబడేవాడికి దాని అవసరం లేదు, చవక సెట్లలో డబ్బంతా ట్రాన్స్‌మిటర్‌కి పోయి మైకు బలహీనంగా మిగులుతుంది.

ఇప్పుడు పేర్లు. అందరూ ఫిఫ్టీ ఎయిట్ అనేది షూర్ ఎస్‌ఎం58. 1966లో వచ్చింది, ఇప్పటికీ స్టేజీల మీద అదే ఎక్కువ కనిపిస్తుంది. గొంతుని గుండ్రంగా పట్టుకుంటుంది, స, శ గుచ్చుకోవు, చేయి జారి కింద పడినా జాలీ సొట్ట పడుతుందే గానీ పాడటం మానదు. కొత్తది నీ బడ్జెట్ దాటుతుంది. నా దగ్గరున్నది సెన్‌హైజర్ ఈ835. ఇందులో గొంతు కాస్త ముందుకొచ్చి, మాట స్పష్టంగా వినిపిస్తుంది. పాడుతూ తల అటూ ఇటూ తిప్పినా గొంతు రంగు పెద్దగా మారదు. నువ్వు గిటార్ ఫ్రెట్ల వైపు తల తిప్పి చూస్తూ పాడతావు కదా, అందుకే నీ గొంతుకి నా ఓటు దీనికే. నీ డబ్బుకి ఇంకొంచెం వేస్తే వస్తుంది. అంత పెట్టలేనంటే బెహ్రింగర్ ఎక్స్‌ఎం8500 తీసుకుని మిగతాది దాచుకో. ఊరూ పేరూ లేని నాలుగు వేల మైకుకంటే రెండు వేల చుట్టుపక్కల దొరికే ఆ మైకే నయం. కింద పడితే మాత్రం మిగతా రెంటిలా తట్టుకోదు, జాగ్రత్తగా చూసుకోవాలి. అహుజా వాళ్లవి మన గుళ్లల్లో, సభల్లో చిన్నప్పటి నుంచి వింటున్నవే. 1940 నాటి కంపెనీ, ఎక్కడైనా రిపేరు దొరుకుతుంది. ఉపన్యాసానికి వాటిని మించినవి లేవంటాను, పాటకి మాత్రం విని తీసుకోవాలి.

డబ్బా మీద అంకెలు చూసి నిర్ణయించకు. ఎస్‌ఎం58 డబ్బా మీద 50 నుంచి 15,000 హెర్ట్జ్ అని ఉంటుంది, అంటే ఎంత కింది స్వరం నుంచి ఎంత పై స్వరం దాకా పట్టుకుంటుందో. బెహ్రింగర్ మీదా అదే ఉంటుంది. ధర చూస్తే ఎన్నో రెట్ల తేడా! ఆ రెండు అంకెల మధ్య ఏ స్వరాన్ని ఎంత పెంచుతుంది, ఎంత తగ్గిస్తుంది అన్నది డబ్బా చెప్పదు, చెవే చెప్పాలి. వీలైతే స్విచ్ లేని మోడల్ తీసుకో. పాట మధ్యలో వేలు తగిలి ఆఫ్ అవుతుంది, మా ఊరి ఉప్పు గాలికి కొన్నాళ్లకి ఆ స్విచ్చే గరగరలాడుతుంది.

నేను ఈ835 కొన్నది డాబాగార్డెన్స్‌లో. ఆ కుర్రాడు ఓపిగ్గా ఐదు మైకులు వరసగా పెట్టాడు. "హలో, చెక్" అంటే అన్నీ ఒకలాగే ఉన్నాయి. అప్పుడు ఒకే చరణం ఐదింటిలోనూ పాడాను. భ, ప ఉన్న మాటలు కావాలి, ప్రభాతం, భ్రమరం లాంటివి. ఆ అక్షరాలకి గాలి ఉఫ్‌మని జాలీ మీద కొడుతుంది, కొన్ని మైకుల్లో బాక్సు ధబ్‌మంటుంది. స, శ ఉన్న మాటలు ఇంకొన్నింటిలో ఈలలా గుచ్చుకుంటాయి. తర్వాత మైకుని పక్కకి తిప్పి, వెనక్కి తిప్పి ఒకే స్వరం పట్టి ఉంచాను. ఒక మైకు వెనక నుంచి కూడా బాగా వింటోంది, దాన్ని వెంటనే పక్కన పెట్టేశాను. పిడిని వేలితో తట్టి కూడా చూడు, నీ గిటార్ స్టాండుకి తగిలినప్పుడు ఆ చప్పుడే బాక్సులోంచి వస్తుంది. మైకు మార్చినప్పుడల్లా వాల్యూమ్ సమానం చేయమను. ఈ835 సహజంగానే కొంచెం గట్టిగా పలుకుతుంది, గట్టిగా వినిపించింది మంచిదని చెవి మోసపోతుంది. ఎకో పూర్తిగా తీసేయమను. ఎకో ఉంటే ఏ మైకైనా తీయగానే ఉంటుంది.

ఆన్‌లైన్లో సగం ధరకి ఫిఫ్టీ ఎయిట్ వస్తోందని లింకు పంపావు. దయచేసి కొనకురా. నేను కొన్నాను. డబ్బా అదే, సంచీ అదే, అక్షరాలు అవే. పాడితే మాత్రం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నట్టుంది. అసలు ఎస్‌ఎం58 బరువు 298 గ్రాములు. మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెడితే నాది 230 దగ్గర ఆగింది. కొట్టాయన రెండోసారి కూడా తూచి ఏమీ అనకుండా నా చేతిలో పెట్టారు. ఆ డబ్బు తిరిగి రాలేదు. అది ఒక ట్యూషన్ నెల జీతం, అందుకే ఇంతగా చెప్తున్నాను.

మైకుతో పాటు కేబుల్‌కి కూడా డబ్బు ఉంచుకో. ఒకటి రెండు వైపులా మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్నది, మిక్సర్ ఉన్న చోటికి. అది ఎంత పొడుగున్నా గుర్‌మనే కరెంటు మోత పెద్దగా పట్టదు. ఇంకొకటి ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి పీ38 అనే లావుపాటి ఒంటి పిన్నుకి, పాత ఆంప్లిఫయర్ల కోసం. అది పొట్టిగానే ఉండాలి. మూడు నాలుగు మీటర్లు చాలు.

రుషికొండలో సాయంత్రం గాలి ఎట్లా ఉంటుందో తెలుసుగా, జాలీ మీదకి స్పాంజి టోపీ ఒకటి కొనుక్కో. ఇంటికొచ్చాక మైకుని తడి లేని గుడ్డతో తుడిచి, చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేసి సంచీలో పెట్టు. ఇక్కడ బీరువా కీళ్లకే తుప్పు పడుతుంది. నెలకోసారి జాలీ మర తిప్పి ఊడదీసి, లోపలి స్పాంజిని కొద్దిగా సబ్బు నీళ్లలో పిండి, జాలీని పాత పళ్ల బ్రష్‌తో కడిగి నీడన ఆరబెట్టు. పూర్తిగా ఆరాకే బిగించు. లోపలి గుండె మీద నీటి చుక్క పడకూడదు. నేను మొదటిసారి అద్దె మైకు జాలీ ఊడదీసినప్పుడు స్పాంజి నల్లగా అయిపోయి, ఎన్ని నోళ్ల వాసనో కలిసి వచ్చింది. నీ మైకు నీకుండాలి అనడానికి నాకు ఆ ఒక్కటీ చాలు.

శనివారం పొద్దున్నే శ్రీకాకుళంలో బస్సెక్కు. కాంప్లెక్స్ దాకా రావద్దు, మద్దిలపాలెంలో దిగిపో, బండి మీద వస్తాను. గిటార్ తప్పకుండా తీసుకురా. ముందు మా డాబా మీద నా ఈ835లో ఒక గంట పాడు, తర్వాత డాబాగార్డెన్స్ వెళ్దాం. అమ్మ వంజరం పులుసు పెడతానంది. కేఫ్ వాళ్లకి ఈలోగా ఫోన్ చేసి రెండే రెండు అడుగు: మిక్సర్ ఉందా, బాక్సులు నీకు ముందు పెడతారా వెనక పెడతారా. వెనక అంటే నాకు చెప్పు, నేనే వెళ్లి మాట్లాడతాను.

ఉంటాను మరి,
నీ మావ