పక్కింటివాణ్ణి కూడా ఒక మాట అడగండి

సంపాదకుడు గారికి,

మా పక్కింటాయన పెరట్లో ఉన్న రేకుల షెడ్డును ఇంకో పదడుగులు వెనక్కి పెంచుకుందామని పర్మిషన్‌కు పెట్టుకున్నారు. నెలలు గడిచినా ఔననీ కాదనీ ఏదీ తేలలేదు. అది ఆయన గొడవ, నాకెందుకని ఊరుకునేవాణ్ణే. కానీ ఆ పదడుగులు వచ్చి ఆగేది మా ప్రహరీ గోడ దగ్గర. గాలీ వెలుతురూ తగ్గేది మా ఇంటికి, రేకుల మీది వాన నీళ్లు దిగేది మా సందులోకి. అయినా నన్ను ఇంతవరకు ఒక మాట అడిగినవాళ్లు లేరు.

ఆ షెడ్డులో ఆయన కొడుకు మోటార్ల రివైండింగ్ చేస్తాడు. బోర్ల మీద బతికే మా అనంతపురం జిల్లాలో ఈ పనికి కరువుండదు. ఎండాకాలం వచ్చిందంటే నీళ్లు అడుగంటి కొన్ని, ఓల్టేజీ పడిపోయి కొన్ని కాలిపోతాయి. రైతులు ఆటోలో వేసుకొచ్చి గేటు ముందు దించిపోతారు. కాలిన రాగి తీగ పీకేసి, తీగ కూర్చునే స్లాట్లలో పేపర్ దూర్చి, పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంటూ ఆ పిల్లవాడు కొత్త తీగ చుట్టడం గోడ మీంచి చూస్తూనే ఉంటాను. ఓపిక గల పని. ఉన్న షెడ్డులో రెండు మోటార్లు పెడితే మూడోది వాకిట్లోనే. పెంచుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే వార్నిష్ పూసి ఆరబెట్టిన రోజు మా ఆవిడ వంటింటి కిటికీ మూసేస్తుంది. రాత్రి పొద్దుపోయాక సుత్తి దెబ్బలు వద్దని చెప్పి ఆపించింది కూడా నేనే.

కాగితం మీద ఇవేవీ కనబడవు. 2017లో వచ్చిన రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు స్థలం ఎంత, కట్టడం ఎత్తెంత, ముందు రోడ్డు వెడల్పెంత అని చూసి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో చెబుతాయి. మంచిదే. ప్లాన్ గీసే ఆయన కొలతలు వేసి ఆన్‌లైన్‌లో పెడతారు, కంప్యూటర్ ఆ గీతలను సరిచూస్తుంది. నీళ్లు ఎటు వాలుతాయో, గోడకు అవతల ఎవరి కిటికీ ఉందో దానికేం తెలుసు? మాది నివాస ప్రాంతం. ఇంటి పట్టున చేసుకునే పని ఎక్కడ ఆగి, వర్క్‌షాపు ఎక్కడ మొదలవుతుందో ఎవరో ఒకరు వచ్చి చూస్తే తప్ప తేలదు.

ఖాళీ సందులను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఏడాదంతా కలిపినా 550 మి.మీ. చుట్టుపక్కల వాన పడే జిల్లా, మనకు వరదేమిటి అనుకున్నవాళ్లమే అందరం. 2022 అక్టోబరులో మా ఊళ్లోంచి పోయే నడిమివంక వాగు పొంగి కాలనీలు మునిగాక తెలిసొచ్చింది. నీళ్లు పోవాల్సిన చోటల్లా మెట్లు, బాత్‌రూములు, రేకులు కట్టుకుని కూర్చున్నాం.

ఇదంతా తెలిసీ మా వీధిలో అందరూ ఆయనకు చెప్పేది ఒకటే: "ముందు కట్టేయండి సార్, మళ్లీ స్కీం వస్తుంది, అప్పుడు ఫైన్ కట్టుకోవచ్చు." అనడంలో వింతేముంది? 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో ఇంకోసారి బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీం) పెట్టి, అనుమతి లేని కట్టడాలను రుసుము తీసుకుని రెగ్యులరైజ్ చేశారు. అడగకుండా కట్టినవాడు నిశ్చింతగా ఉన్నాడు, అడిగిన పాపానికి ఈయన మోటార్ల మీద పట్ట కప్పుకుంటున్నాడు. ఫైన్ డబ్బు ఖజానాకు పోతుంది సరే, నీళ్లు మాత్రం పక్కింటికే వస్తాయి కదా.

మా అమ్మాయి వాళ్లుండే అమెరికా ఊళ్లో, రూలుకు మించి షెడ్డు పెంచాలంటే, ఎక్కడ ఏం కట్టుకోవచ్చో చూసే జోనింగ్ బోర్డుకు అర్జీ పెట్టుకోవాలట. పక్క స్థలాల వాళ్లకు ఉత్తరాలు పోతాయి. ఒక సాయంత్రం విచారణ పెడతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పొచ్చు. షరతులు పెట్టి ఇచ్చినా ఇస్తారు, కుదరదన్నా అంటారు. మనకు అంత తతంగం వద్దు. పాత కక్షలన్నీ అక్కడే తీర్చుకుంటారు మనవాళ్లు. వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులున్నారు కదా. ఇలాంటి చిన్న షెడ్లకు వాళ్లు ఒకసారి వచ్చి చోటు చూసి, ఇరుపక్కల వాళ్లనూ వెనకింటి వాళ్లనూ అడిగి, చెప్పింది రాసుకుని, గడువులోగా ఏదో ఒకటి కారణంతో సహా రాసిస్తే చాలు.

నన్ను అడిగితే చెప్పేవి ఇవీ. రేకుల వాలు ఆయన పెరట్లోకే ఉండాలి. గోడకూ షెడ్డుకూ మధ్య మనిషి నడిచేంత సందు వదలాలి. వార్నిష్ పని వీధి వైపు పెట్టుకోవాలి. మొన్న టీ తాగుతూ అనుకున్నాం, ఆయనకూ సమ్మతమే. ఇద్దరం సంతకాలు పెట్టి ఇస్తాం, ఆ కాగితం ఎవరు తీసుకుంటారో అధికారులు చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం