ఆదివారం వైజాగ్ బీచ్‌రోడ్డులో మాతో నడిచినవాళ్ళకి

ఆదివారమే రాయాల్సింది, ఈరోజుకి కుదిరింది. కాళ్ళ నొప్పులని చెప్పను, ఉత్త బద్ధకం.

విరాళాల కోసం ఈ వాక్ మొదలుపెట్టినప్పుడు ముప్పై మంది వస్తే గొప్ప అనుకున్నాం, వచ్చినవాళ్ళు వందకి పైనే. టీషర్టులు చాలక (ఉన్నవేమో అన్నీ ఎక్సెల్ సైజే, ఆ తప్పు నాదే) సగం మంది మామూలు బట్టల్లోనే నడిచారు. పోగైంది 61,400 రూపాయలు. క్యాన్సర్‌కి రేడియేషన్ కోసం ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ గది అద్దెలకీ బస్సు ఛార్జీలకీ ప్రతి రూపాయీ వెళ్తుంది.

దీనికే ఎందుకని కొందరు అడిగారు. అమ్మకి రేడియేషన్ ఇచ్చినన్నాళ్ళూ నేను రోజూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. మెషిన్ మీద పట్టేది పది, పదిహేను నిమిషాలు. కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రావాలి, కొందరికి మూడు వారాలు, కొందరికి ఐదు. మాది సీతమ్మధార కాబట్టి ఆటోలో ఇంటికొచ్చేసేవాళ్ళం. పక్కన కూర్చునే ఆవిడది పాలకొండ వైపు, రోజూ వెళ్ళి రావడమంటే అయ్యే పనేనా? వైద్యం ఆరోగ్యశ్రీలో అయిపోయినా గదికీ, తిండికీ, తోడొచ్చిన కొడుకు పోగొట్టుకున్న కూలికీ ఎవరిస్తారు? మధ్యలో మానేసి ఊరెళ్ళిపోయేవాళ్ళు ఊరికే వెళ్ళరండీ.

ఇక అమ్మ సంగతి. కాళీమాత గుడి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, మేం వుడా పార్కు దాకా వెళ్ళొస్తాం, కదలొద్దని మరీ మరీ చెప్పి బయల్దేరాను. కాసేపటికి వెనక్కి చూస్తే కుర్చీ ఖాళీ. టెన్షన్‌తో పరిగెత్తుకొస్తే, మా పై ఫ్లోర్ వదిన చెయ్యి పట్టుకుని కురుసుర సబ్‌మెరైన్ దగ్గర నిలబడి ఉంది, "ఇంత దూరం వచ్చాను, చూశావా" అని నా మీదే గొప్పలు. వదినా, ఆపరేషన్ అయిన ఎడమ చేతి వైపు కాకుండా కుడి వైపు వచ్చి పట్టుకున్నావు చూడు, అది నేను గమనించాను. నీకెవరు చెప్పారో తెలీదు.

అక్కడ అమ్మ చెప్పు తెగిపోతే తన చెప్పులిచ్చి వట్టి కాళ్ళతో నడిచిన కాలేజీ అమ్మాయీ, నీ పేరు కూడా అడగలేదు. చెప్పులు కడిగి ఉంచాం. తిరిగొచ్చేటప్పుడు నీళ్ళు అయిపోయి ఆ ఉక్కలో అందరూ నా వంక చూస్తుంటే, అమ్మకీ ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళకీ కొబ్బరిబోండాలు కొట్టిచ్చి డబ్బులు వద్దన్న బాబాయికి ఈ పోస్టు కనబడదు, ఈ ఆదివారం వెళ్ళి చెప్తాను. పొద్దున్నే బండి మీద ఇడ్లీలు తెచ్చిన మా ఆఫీసు కుర్రాళ్ళకి, పేరు చెప్పొద్దని 5,000 ఇచ్చిన మాష్టారికి, చాలా చాలా థాంక్స్.

ఖర్చుల బిల్లులు నెలాఖరుకి గ్రూపులో పెడతాను, అడగడానికి మొహమాటపడకండి. నీలం గొడుగు, ఒక స్టీల్ బాటిల్ మా ఇంట్లో ఉండిపోయాయి. ఎవరివో చెప్పండి.