బీపీ పట్టీ బడిదాకా ఎప్పుడొస్తుంది?

సంపాదకుడు గారికి,

దసరా సెలవులకు నల్గొండ జిల్లా నుంచి మా అక్క కొడుకు తార్నాకలోని మా ఇంటికొచ్చాడు. పదో తరగతి, పదిహేనేళ్లు. పొద్దున్నే మా అమ్మ బీపీ చూసుకుంటుంటే "నాకూ పెట్టు అమ్మమ్మా" అని సరదాకి చెయ్యి చాపాడు. 142, 88 వచ్చింది. మిషన్ పాడైందని నవ్వుకున్నాం. అమ్మకి మళ్లీ చూస్తే ఎప్పటిలాగే ఉంది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన వాణ్ణి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, కాళ్లు నేలకి ఆనించమని, వాడి జబ్బకి సరిపోయే పట్టీ తెప్పించి చూశారు (పట్టీ చిన్నదైతే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుందట, ఇంట్లో మిషన్ పెట్టుకుని ఇన్నాళ్లూ మాకు ఈ సంగతే తెలీదు). ఒక్కసారి చూసి తేల్చకూడదని వేర్వేరు రోజుల్లో మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ 130 దాటింది. పదమూడేళ్లు నిండిన పిల్లల్లో పై అంకె 130 గానీ కింది అంకె 80 గానీ తాకితే, మళ్లీ మళ్లీ అలాగే ఉంటే, బీపీ కిందే లెక్కట. మాత్రలు రాయలేదు. పిల్లల్లో ఒక్కోసారి కిడ్నీ జబ్బు వల్ల కూడా వస్తుందని ఆ పరీక్షలు రాశారు, ఉప్పు తగ్గించి ఆటలు ఆడమన్నారు.

పల్లెటూరి పిల్లలు, ఎండలో తిరుగుతారు, వాళ్లకేం బీపీ అనుకునేవాణ్ణి. కానీ వీడు బడికి నడవడం మానేసి రెండేళ్లయింది, బావ బండి మీద దింపుతాడు. పొద్దున అన్నంలో మామిడికాయ తొక్కు, మధ్యాహ్నం బడి గేటు ముందు కొట్లో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు రెండు, సాయంత్రం మిర్చి బజ్జీ, రాత్రి పెరుగన్నంలో మళ్లీ ఉప్పు, పక్కన చల్ల మిరపకాయలు, ఆ తర్వాత దుప్పట్లో ఫోన్, ఒంటిగంట దాకా. బరువు కూడా పెరిగాడు, ఒళ్లు చేశాడని మేమే మురిసిపోయాం. బావకి నలభై రాకముందే బీపీ. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను మించొద్దని మా ఇంటి దగ్గరే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మా తొక్కు జాడీకి ఆ కబురు చేరలేదు.

ఇక అసలు సంగతి. ముప్పై దాటినవాళ్లకి ఊళ్లలో బీపీ, షుగర్ చూస్తున్నారు, మంచిదే. బడిపిల్లల్ని 18 ఏళ్ల దాకా చూడ్డానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. మావాడి బడికీ టీం వచ్చింది, కళ్లు, పళ్లు, బరువు చూసి రాసుకుంది, చేతికి పట్టీ మాత్రం చుట్టలేదట. ఎనిమిది నుంచి పది దాకా ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఏడాదికి ఒక్కసారైనా, సరైన సైజు పట్టీతో, కూర్చోబెట్టి చూడండి. ఎక్కువొచ్చిన వాళ్లని మళ్లీ పిలిచి చూడండి. హాస్టళ్లలో ఉండే పిల్లల్ని మర్చిపోకండి, వాళ్ల చెయ్యి పట్టుకుని చూసే అమ్మమ్మ అక్కడ ఉండదు.

ఇంకొకటి. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తిండి బడి గేటుకి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రత సంస్థ నిబంధన పెట్టింది. మావాడి బడి ముందున్న కొట్టు ఎంత దూరమో కొలవడానికి టేపు అక్కర్లేదు, గేటు ఊచల్లోంచి చెయ్యి చాపితే ప్యాకెట్ అందుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్