అనంతపురం–అమరావతి రహదారి సాధన: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

మన సంఘం ధ్యేయం మీ అందరికీ తెలిసినదే కనుక నేరుగా విషయానికి వస్తాను. రాజధానిగా అమరావతి ఖరారయ్యాక ప్రతిపాదించిన అనంతపురం–అమరావతి ఎక్స్‌ప్రెస్‌వేను 2019లో ప్రభుత్వం మారిన తరువాత కుదించి చిలకలూరిపేట వద్ద 16వ నంబరు జాతీయ రహదారిలో కలపాలన్నారు. ఆపైన అదీ పక్కకు పోయి, శ్రీ సత్యసాయి జిల్లా కోడూరు నుంచి ముప్పవరం వరకు 544జి జాతీయ రహదారి ముందుకు వచ్చింది. ఆ పనులు సాగుతున్నందుకు మనకు అసూయ లేదు. అది అనంతపురాన్ని తాకకుండా పోతున్నదన్నదే మన బాధ. మార్గం మార్చిన ప్రతిసారీ డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక), సర్వే, నల్లమల అటవీ అనుమతులు అన్నీ మొదటికి వస్తాయని అధికారులకు మనం చెప్పవలసి రావడం విచిత్రం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది సంక్రాంతి తరువాత తాడిపత్రిలో జరిపిన భూసేకరణ అవగాహన సదస్సు. జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం భూమి సేకరించదలచినట్లు తెలిపే 3ఎ ప్రకటన వెలువడిన 21 రోజుల్లోగా అభ్యంతరం తెలపవచ్చుననీ, ఏడాదిలోగా సేకరణను ఖరారు చేసే 3డి ప్రకటన రాకపోతే ఆ 3ఎ చెల్లకుండా పోతుందనీ న్యాయవాద మిత్రులు ఓపికగా వివరించారు. సర్వే రాళ్లను చూసి చీనీ (బత్తాయి) మొక్కలు నాటాలో మానాలో, బోరు వేయాలో వద్దో తేల్చుకోలేక ఏళ్లు గడిపిన రైతులు చీకటి పడేదాకా లేవలేదు. హాలు ఉచితంగా ఇచ్చిన కల్యాణ మంటపం యజమానికి, షామియానా, భోజనాలు సమకూర్చిన వర్తక మిత్రులకు, కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్సు వారికి, పాత అడంగళ్లు (గ్రామ భూమి రికార్డులు) వెతికి ఇచ్చిన విశ్రాంత రెవెన్యూ ఉద్యోగికి సంఘం కృతజ్ఞతలు.

సదస్సు కమిటీలో పన్నెండు మంది పేర్లున్నా, కుర్చీలు మోసింది నలుగురే. ఫోటోకు మాత్రం పన్నెండు మందీ వచ్చారు. ఒక కార్యాలయానికి వినతిపత్రంతో నాలుగుసార్లు వెళితే, నాలుగుసార్లూ ఫైలు మరో కార్యాలయంలో ఉందన్నారు. ఆ మరో కార్యాలయం వారు మమ్మల్ని తిరిగి మొదటి చోటికే పంపారు.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో అనుబంధంలో ఉన్నాయి. స్వల్ప మిగులు కనబడుతుంది, చందా బకాయిలు అంతకన్నా ఎక్కువగా కనబడతాయి.

కొత్త రహదారి తేలేలోగా, తాడిపత్రి, గిద్దలూరు, వినుకొండల మీదుగా గుంటూరు వెళ్లే 544డి జాతీయ రహదారి మొత్తాన్నీ నాలుగు వరుసలుగా విస్తరించాలన్న తీర్మానాన్ని సభ ముందు ఉంచుతున్నాను. దానిని పట్టుకుని విజయవాడ వెళ్లే బృందంలో చేరదలచినవారు ఈరోజే పేరు నమోదు చేసుకోవాలి. బస్సు చార్జీలు ఎవరివి వారివే.

ఇట్లు,
కార్యదర్శి