పెళ్లి ఫొటోలు ఎవరి సొత్తు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే తిరుపతిలో కల్యాణ మండపాలు దొరకడం కష్టం. ఈ ఊళ్లో పెళ్లి ఫొటోలు తీయడం నా వృత్తి. ముహూర్తాల సందడి మొదలయ్యేలోపు పెళ్లివారికీ, తోటి ఫొటోగ్రాఫర్లకూ ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. డబ్బు తీసుకుని మనం తీసిన పెళ్లి ఫొటో మనది కాదు, ఆ ఇంటివాళ్లది. ఈ సంగతి ముందే కాగితం మీద రాసుకోకపోవడం వల్లే మా వృత్తి మీద జనానికి నమ్మకం సడలుతోంది.

ఆ మధ్య పాకాల వైపు నుంచి దంపతులిద్దరు చిన్నమ్మాయి పెళ్లికి మాట్లాడుకోవడానికి మా స్టూడియోకు వచ్చారు. ధర అడగలేదు, ఆల్బం తెరవలేదు. గోడ మీది ఫొటోలు చూసి, "వీళ్లను అడిగే పెట్టారా అమ్మా?" అన్నారాయన. అడిగే పెట్టానని, సంతకాలు కూడా ఉన్నాయని చెప్పాక కూర్చున్నారు. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి ఫొటోలు తీసిన మరొకరు, ఆ అమ్మాయి అద్దం ముందు జడ వేయించుకుంటున్న ఫొటోను తమ ప్రచారానికి ఇంటర్నెట్‌లో పెట్టుకున్నారట. ఫొటోలో వంక పెట్టడానికి ఏమీ లేదు, బాగానే వచ్చిందట. దాని కింద ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన రాతలు అత్తింటివారి కంట పడ్డాయి. తీసేయమని ఫోను చేస్తే, "మా పనితనం నలుగురికీ చూపించుకోవద్దా?" అని ఎదురు ప్రశ్న వేశారట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆ తల్లి కొంగు చివర మెలిపెడుతూనే ఉన్నారు.

1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఈ విషయం స్పష్టంగా ఉంది. డబ్బిచ్చి ఎవరైనా తమ కోసం ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు దాని మీద తొలి హక్కు తీయించుకున్నవారిదే. కెమెరా మాది, కష్టం మాది అన్న వాదన అక్కడ చెల్లదు. ప్రచారానికి వాడుకోవాలంటే అడిగి, రాయించుకోవాలి. అడిగితే కాదనేవాళ్లు తక్కువే. అయితే పెళ్లికూతురిని విడిగా అడగాలి. తండ్రి సంతకం పెట్టినంత మాత్రాన ఆమె ఒప్పుకున్నట్టు కాదు. నేను ఆడదాన్ని కాబట్టి ముస్తాబు గదిలోకి నన్ను ఇట్టే రానిస్తారు. అలా రానిచ్చారు కదా అని అక్కడ కనబడినదల్లా తీయకూడదు. కుచ్చిళ్లు సర్దేటప్పుడు, పిన్నులు పెట్టేటప్పుడు కెమెరా దించేస్తాను. ఆ గదిలో తీసినవి ముందు ఆమెకే చూపిస్తాను, వద్దన్నవి అక్కడికక్కడే చెరిపేస్తాను.

మిగతా ఊళ్లకంటే తిరుపతిలో ఈ బాధ్యత ఇంకా ఎక్కువ. హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ వచ్చి కొండ మీద పెళ్లి చేసుకునేవాళ్లు ఎందరో. పాపవినాశనం రోడ్డులోని కల్యాణవేదికలోనో, ఏదో ఒక మఠంలోనో పెళ్లి అవుతుంది. దిగివచ్చి తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని రైలెక్కేస్తారు. మమ్మల్ని ముఖాముఖి చూసేది కూడా ముహూర్తం వేళకే. ఫోనులో మాట్లాడి, అడ్వాన్సు పంపి, ఊరూ పేరూ సరిగా తెలియని మనిషి చేతిలో జీవితంలో ఒక్కసారి జరిగే వేడుకను పెడుతున్నారు. తరువాత ఆల్బం రాకపోతే ఎవరిని పట్టుకుంటారు? ఫోను ఎత్తకపోతే వందల మైళ్లు వచ్చి అడగగలరా? స్వామివారు వెలసిన చోటని నమ్మి వచ్చినవాళ్లను అలా తిప్పించుకోవడం ఈ ఊరికే అప్రతిష్ఠ. అందుకే బయటి ఊరివాళ్లకు నేను కొండ దిగేలోపే ముహూర్తం ఫొటోలు కొన్నయినా ఇచ్చి పంపిస్తాను. ఎడిటింగ్ లేకపోయినా సరే. చేతిలో పడ్డ ఆ కాసిని ఫొటోలతోనే వాళ్ల గుండె కుదుటపడుతుంది.

ఇక ముహూర్తం సంగతి. మా చిత్తూరు వైపు పెళ్లిళ్లలో చాలావరకు ముందురోజు రాత్రే రిసెప్షన్ ఉంటుంది, తెల్లవారుజామున ముహూర్తం. రాత్రి పొద్దుపోయేదాకా నిలబడి తీసినవాళ్లమే చీకటితో మళ్లీ పీటల దగ్గర ఉండాలి. జీలకర్ర బెల్లం పెట్టగానే అడ్డుతెర దిగుతుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. అది రెండు మూడు క్షణాల పని. ఆ క్షణం తప్పిపోతే "మళ్లీ ఒకసారి చూసుకోండి" అని చెప్పి తీయించేవాళ్లున్నారు. తాళి ముడి సగంలో ఉండగా పెళ్లికొడుకు చేతులు ఆపించి "ఇటు తిరగండి సార్" అనేవాళ్లనూ చూశాను. పురోహితులు విసుక్కున్నారంటే విసుక్కోరా మరి! అక్షతలు వేద్దామని నిలబడ్డ పెద్దవాళ్లకు మా వీపులు తప్ప మరేమీ కనబడవు. ఫొటో కోసం పెళ్లి జరగడం లేదన్న సంగతి ముందు మాకు గుర్తుండాలి. ఎవరింట్లో ఏ తంతు ఎప్పుడు వస్తుందో ముందే పురోహితుడినీ, ఇంట్లో పెద్దావిడనూ అడిగి తెలుసుకుంటే ఎవరినీ ఆపాల్సిన అవసరం రాదు. వారం ముందు ఇంటికి వెళ్లి, తప్పకుండా తీయాల్సిన మనుషులు ఎవరని అడుగుతాను. మంచం పట్టిన అమ్మమ్మ, చాలాకాలానికి మాటలు కలిసిన మేనమామ, ఇలాంటివి ఎవరో ఒకరు చెబితే తప్ప మనకు తెలియవు.

తీసినవాటిని భద్రంగా ఉంచడం కూడా అంతే ముఖ్యం. రెండు కార్డులు పట్టే కెమెరా వాడి, ప్రతి ఫొటో రెండింటిలోనూ పడేలా పెట్టుకోవాలి. ఇంటికి చేరగానే రెండు వేరువేరు డిస్కుల్లోకి ఎక్కించి, వాటిలో ఒకటి స్టూడియోలో కాకుండా మరోచోట పెట్టాలి. ఆల్బం చేతికిచ్చేదాకా కార్డులు చెరపకూడదు. మరుసటి రోజు ఇంకో పెళ్లి ఉందని హడావిడిగా కార్డు ఖాళీ చేసుకునేవాళ్లు ఎంత ప్రమాదంతో ఆడుకుంటున్నారో ఆలోచించాలి. డిస్కు పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు, కన్యాదానం మళ్లీ జరగదు.

ఒక విషయం రాయక తప్పదు. చామనఛాయ అమ్మాయిని ఎడిటింగ్‌లో తెల్లగా చేయడం మా వాళ్లలో చాలామందికి అలవాటైపోయింది. అడగకపోయినా చేస్తారు. ఆల్బం తెచ్చుకున్న ఒక అమ్మాయి మొదటి పేజీ తిప్పి, తన ముంజేతిని ఫొటో పక్కన ఆనించి పోల్చి చూసుకోవడం నా కళ్లారా చూశాను. ఆల్బం మూసి, "ఇది మా అత్తగారికి చూపించను" అంది. ఆమె రంగులో దిద్దాల్సింది ఏమీ లేదు. లైటింగ్ తెలిసినవాడికి ఏ రంగు మనిషైనా అందంగానే వస్తారు. పసుపు రాసిన చేతులు, పారాణి పాదాలు, నీలం రంగు పట్టుచీర, వీటి మధ్య ఆ ఛాయ ఎంత నిండుగా ఉంటుందో చూడగలగాలి. "కాస్త తెల్లగా చేయండి" అని తల్లులు అడిగితే, అమ్మాయిని అడిగి చేస్తానని చెబుతాను. ఇంతవరకు ఏ అమ్మాయీ చేయమనలేదు.

పెళ్లివారి వైపు నుంచి కూడా మాకు ఇబ్బందులు ఉన్నాయి. ఆల్బంలో ఏ ఫొటోలు ఉండాలో ఎంచి పంపమని లింకు ఇస్తే నెలల తరబడి చూడరు. సీమంతం దగ్గరపడ్డాక గుర్తొచ్చి, ఆలస్యం మాదేనంటారు. బాకీ సొమ్ము అడిగితే ఆల్బం ఇచ్చాక అంటారు, మేమేమో బాకీ ఇస్తేనే ఆల్బం అంటాం. ఈ తగువు తీరాలంటే రాతకోతలు తప్పవు. ముందు అడ్వాన్సు ఎంత, తరువాత ఏ పని పూర్తయ్యాక ఎంత, ఫొటోలు ఏ తేదీకి ఇస్తాం, ఎంచుకోవడానికి గడువెంత, మా దగ్గర ఎన్నాళ్లు దాచి ఉంచుతాం, ప్రచారానికి వాడొచ్చా వద్దా, నాకు ఒంట్లో బాగాలేకపోతే బదులు ఎవరు వస్తారు. ఇవన్నీ తెలుగులో ఒక్క పేజీలో పడతాయి. మాట తప్పితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం జిల్లా కమిషన్‌కు వెళ్లే హక్కు కొనుగోలుదారుకు ఎలాగూ ఉంది. ఆ కాగితం చేతిలో ఉంటే వాళ్లకూ ధైర్యం, మాకూ రక్షణ.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఈ ముహూర్తాలు మొదలయ్యేలోపు ఒకసారి కూర్చుని, అందరికీ ఒకే నమూనా కాగితం తయారుచేయాలని కోరుతున్నాను. అది వచ్చేదాకా, నేను వాడుతున్న కాగితం నకలు కావాలన్న ఫొటోగ్రాఫర్ ఎవరికైనా సంతోషంగా ఇస్తాను. పెళ్లివారు కూడా అడ్వాన్సు చేతిలో పెట్టేముందు అలాంటి కాగితం ఒకటి అడిగి తీసుకోవాలి.

ఇట్లు,
ఒక మహిళా ఫొటోగ్రాఫర్,
తిరుపతి.