పోటగడ్ కోటకు సిమెంటు పూయకండి, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఒడిశాలోని గంజాంలో పుట్టి పెరిగిన ఒక తెలుగువాడి నమస్కారాలు. మా ఊరి పోటగడ్ కోట గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. మా అర్జీలు మీదాకా చేరాయనే అంటున్నారు. జవాబు మాత్రం రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పెచ్చులూడిన గోడలకు సిమెంటు పూస్తారని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఈస్టిండియా కంపెనీ అధికారి ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ 1768లో నక్షత్రాకారంలో కట్టించిన కోట అది. అప్పటికి సిమెంటెక్కడిది? ఆనాటి సున్నపు గోడ చెమ్మను పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీరు లోపలే నిలిచి, ఈ సముద్రపు ఉప్పుతో కలిసి గోడను పిండి చేస్తుంది. కొన్నాళ్లు నున్నగానే కనిపిస్తుంది. తర్వాత సిమెంటు పెచ్చుతో పాటు పాత గోడా ఊడి వస్తుంది. గానుగ సున్నంతో చేయించమని ఒక ఆఫీసులో అడిగితే, సర్కారు రేట్ల పట్టికలో ఆ పని లేదన్నారు. పట్టికలో లేదని కోటను చంపుకుంటామా అయ్యా? ఇంకో ఆఫీసుకు వెళ్తే స్థలం తమది కాదన్నారు. స్థలం ఉన్నవాళ్లు కట్టడం తమది కాదన్నారు. వానకు ఇవేవీ పట్టవు.

1815లో విషజ్వరం ఈ ఊరిని ఊడ్చేసింది. జిల్లా కేంద్రం బరంపురం తరలిపోయింది. కోట మాత్రం ఇక్కడే ఉండిపోయింది, అప్పటి నుంచీ ఎవరికీ పట్టకుండా.

సికింద్రాబాద్‌లో దండు కోసం 1813లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి ఇప్పటికీ నిలబడి ఉంది, ఆదివారం ఆరాధన జరుగుతోంది. కట్టింది తెల్లదొరలే అయినా కాపాడుకుంటున్నది మనవాళ్లే. మా కోట అంతకంటే పాతది కదా! 1936 దాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఇది ఒడియావాళ్ల చరిత్ర, మాది కూడా. రుషికుల్య నది మొగలో తాబేళ్లను చూడ్డానికి వచ్చే జనంలో ఎంతోమంది తెలుగువాళ్లు. ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఒక బోర్డు పెట్టించండి. కానీ అది తర్వాత సంగతి. ముందు సిమెంటు ఆపించండి. 1956 నాటి మన రాష్ట్ర ప్రాచీన కట్టడాల చట్టం మీ చేతిలోనే ఉంది. ఎవరిది బాధ్యతో ఒక్క ఆఫీసు పేరు రాసి ఇవ్వండి, మేం అక్కడికే వెళ్తాం. సున్నం పని తెలిసిన మేస్త్రీని పంపండి. వానలు మొదలవక ముందే పంపండి.

ఇట్లు,
గంజాం వాసి